నవల ఎందులో రాయాలి

ఆదివారం

నవల మొదటి అధ్యాయం కాగితం మీద ఒక కొలిక్కి వచ్చింది. ఇకపై కంప్యూటరులోనే కొనసాగించాలని అనుకున్నాను గనుక, ఏ సాఫ్ట్‌వేరులో రాయాలన్నది ఈ రోజు కూర్చుని తేల్చుకున్నాను. వందల పేజీలు సాగే రచనను సగంలో ఒక చోటి నుంచి మరొక చోటికి తరలించడం ఇల్లు మారడంతో సమానం. సామాను ఎంత జాగ్రత్తగా సర్దినా ఏదో ఒకటి విరుగుతుంది. అందుకే మొదటే ఒక పూట ఖర్చు చేయడం మంచిదనిపించింది.

పొద్దున్నే హైదరాబాదు నుంచి మేనల్లుడు ఫోను చేశాడు. "అత్తా, నువ్వు రాసేది నవల కదా, స్క్రివెనర్ తీసుకో. అధ్యాయాలన్నీ చీటీల్లాగా బోర్డు మీద పెట్టుకుని అటూ ఇటూ జరుపుకోవచ్చు," అన్నాడు. అతను చెప్పింది నిజమే. ప్రత్యేకంగా రచయితల కోసమే తయారైన సాఫ్ట్‌వేర్ అది. 2007లో మొదట మాక్ కంప్యూటర్లకు వచ్చింది, తరువాత విండోస్‌కూ వచ్చింది. ఒక్కొక్క దృశ్యాన్ని విడివిడిగా ఉంచుకోవడం, ప్రతిదానికీ చిన్న సారాంశం రాసుకోవడం, పాత్రల వివరాలను పక్కనే పెట్టుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. ప్రయోగానికి ఉచితంగా ఇచ్చే ప్రతిని దింపుకుని మొదటి అధ్యాయంలోని రెండు పుటలు అందులో టైపు చేశాను. రాయడానికి హాయిగానే ఉంది. అయితే నన్ను ఆపింది దాని వాడకం కాదు, అది అక్షరాలను దాచుకునే పద్ధతి.

స్క్రివెనర్ మన రచనను ఒక ఫోల్డరులో ఆర్‌టీఎఫ్ ఫైళ్ళుగా భద్రపరుస్తుంది. ఆర్‌టీఎఫ్ అనేది ప్రధానంగా ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో ఉంచుకుని పుట్టిన పద్ధతి. తెలుగు అక్షరం వచ్చినప్పుడల్లా దాన్ని అక్షరంగా కాక, దాని యూనికోడ్ సంఖ్యగా రాస్తుంది. ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించిన ప్రమాణమే యూనికోడ్. అ అనే అక్షరం ఆ ఫైలు లోపల 3077 అనే అంకెగా ఉంటుంది, ల అనేది 3122గా ఉంటుంది. ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే నా రెండు పుటల వచనమూ వరుసగా అంకెల బారుగా కనిపించింది. సరైన సాఫ్ట్‌వేర్ ఉన్నంతకాలం దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, అంకెలన్నీ మళ్ళీ అక్షరాలుగానే కనబడతాయి. కానీ ఏ కారణం చేతనైనా ఫైలు దెబ్బతిన్నప్పుడు, లోపలికి తొంగిచూసి నా వాక్యాన్ని నేను చదివి ఏరుకోగలగాలన్నది నా పట్టుదల.

ఈ పట్టుదలకు ఒక కారణం ఉంది. యూనికోడ్ వాడకం విస్తరించక ముందు టైపు చేయించిన నా కథల ఫైళ్ళు కొన్ని ఇంకా నా దగ్గర ఉన్నాయి. ఆ రోజుల్లోని తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు తలకట్టు ముక్కలను, గుడులను, ఒత్తులను అమర్చి పెట్టేవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగు కనిపిస్తుంది, లేని చోట అర్థం లేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో 1991 నాటి మొదటి ప్రమాణం నుంచే తెలుగుకు తనదైన 128 స్థానాల గడి ఉంది. అయినా అది మన ఇళ్ళలోని కంప్యూటర్లకు చేరి అలవాటు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో రాసిన తెలుగు ఎంత ఇప్పుడు చదవడానికి వీలు లేకుండా పడి ఉందో తలచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ రైటర్ అన్న సాఫ్ట్‌వేరులోనూ అవే రెండు పుటలు టైపు చేసి, దాని సొంత పద్ధతి అయిన ఓడీటీ ఫైలుగా భద్రపరిచాను. ఆ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల కంటెంట్ అనే పేరుతో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే గుర్తుల మధ్య నా తెలుగు వాక్యాలు వాక్యాలుగానే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడే డాక్స్ ఫైలు కూడా ఇలాంటి మూటే, అందులోనూ తెలుగు చదవడానికి వీలుగానే ఉంది; ఆ మాట ఒప్పుకోవాలి. ఓడీటీకి ఆధారమైన ఓడీఎఫ్ పద్ధతి 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది, వర్డ్ పద్ధతికి 2008లో ఆ హోదా వచ్చింది. కాబట్టి ఈ పరీక్షలో రెండూ నెగ్గాయి.

తరువాత అక్షరాలతో ఎలా మెలుగుతాయో చూశాను. తెలుగులో రాసేవారికి అసలైన పరీక్ష ఇదేనని నా నమ్మకం. లక్ష్మి అన్న పేరు కంటికి రెండే అక్షరాలు, కంప్యూటరుకు మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు. బాణం మీట నొక్కినప్పుడు కర్సరు క్ష్మి మొత్తాన్నీ ఒకే అక్షరంగా దాటాలి, వెనక్కి చెరిపే మీట నొక్కినప్పుడు మాత్రం గుడి ఒక్కటే పోవాలి. అప్పుడే గుడిని గుడిదీర్ఘంగా మార్చాలంటే అక్షరమంతా మళ్ళీ కూర్చుకోనక్కరలేదు. రైటర్‌లోనూ వర్డ్‌లోనూ ఇది సవ్యంగా ఉంది. రైటర్‌లో ఒక చిన్న ఏర్పాటు ముందుగా చేసుకోవాలి: భాషల అమరికలోకి వెళ్ళి సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని ప్రారంభించి, తెలుగుకు విడిగా ఫాంటును, పరిమాణాన్ని ఎంచుకోవాలి. ఇంగ్లీషు లిపికి ఒక ఫాంటు, తెలుగుకు మరొక ఫాంటు అన్న ఈ విభజన తెలియనివారు, ఫాంటు మార్చినా తెలుగు మారడం లేదని విసుగుపడి దాన్ని వదిలేస్తుంటారు.

ఎక్కువసేపు పట్టింది మాత్రం సంభాషణల దగ్గర. నా నవల పల్నాటిలో నడుస్తుంది. కథనం శిష్ట వ్యావహారికంలో ఉన్నా, మనుషులు "యాడికి బోతన్నావ్", "అట్నే కానీ" అని మాట్లాడతారు. అక్షరదోషాలు చూసే పరికరానికి ఇవన్నీ తప్పులే. పుట తెరిస్తే ఎర్ర గీతలు. ఆ మాటలు తప్పులు కావు, మా తాతలు మాట్లాడిన భాష. పుటపుటకూ యంత్రం వాటి కింద ఎర్ర గీత గీస్తుంటే, తెలియకుండానే రచయిత చేయి నిఘంటువు వైపు జరుగుతుందని, పాత్ర నోటి మాట మెల్లగా పలచబడుతుందని నాకు భయం. అసలు పరికరాన్నే ఆపేస్తే కథనంలోని నిజమైన టైపు పొరపాట్లు దొరకవు. రైటర్‌లో దీనికి మంచి మార్గం దొరికింది. సంభాషణ అన్న పేరుతో ఒక అక్షర శైలిని తయారుచేసి, ఆ శైలికి భాష ఏదీ లేదని పేర్కొంటే, ఆ శైలి వేసిన మాటల జోలికి దోషాలు చూసే పరికరం రాదు. కథనం మీద దాని నిఘా ఉంటుంది, పల్నాటి మాట స్వేచ్ఛగా ఉంటుంది. ఇటువంటి ఏర్పాటు వర్డ్‌లో కూడా చేసుకోవచ్చు. కానీ డబ్బు కట్టకుండా, నెట్ లేకుండా, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడిచేది రైటర్ కనుక నా మొగ్గు అటే వెళ్ళింది.

స్క్రివెనర్‌లోని చీటీల బోర్డు లేదన్న లోటును రైటర్‌లోని నావిగేటర్ చాలావరకు తీరుస్తుంది. అధ్యాయాల పేర్లకు శీర్షిక శైలి వేస్తే అవన్నీ పక్కన వరుసగా కనిపిస్తాయి. ఒక శీర్షికను పట్టుకుని పైకి జరిపితే దాని కిందున్న పాఠమంతా వెంట వస్తుంది. పదాల లెక్కను మాత్రం నేను పట్టించుకోదలచుకోలేదు. వచ్చాడనుకున్నాను అని రాస్తే ఒక పదం, విడదీసి రాస్తే రెండు; సంధి చేసే భాషలో ఆ అంకె రోజు పనికి కొలత కాలేదు.

గూగుల్ డాక్స్ గురించి కూడా ఆలోచించాను. ఫోనులో రాసింది కంప్యూటరులో కనిపించడం, ప్రతి మార్పు చరిత్రా నిలిచి ఉండడం గొప్ప సౌకర్యాలే. వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు అక్కడ నెట్ నిలకడగా ఉండదు, నేను ఎక్కువగా రాసుకునేది అక్కడే. అందువల్ల పూర్తయిన అధ్యాయాన్ని స్నేహితురాలికి చూపించి అభిప్రాయాలు తీసుకోవడానికి దాన్ని వాడతాను, మూల ప్రతి మాత్రం నా యంత్రంలోనే ఉంటుంది.

టైపు చేసే పద్ధతిని సాఫ్ట్‌వేరుతో ముడిపెట్టకూడదన్నది నా మరొక నిర్ణయం. భారతీయ లిపుల కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ముందే ఉంటుంది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతి వైపు, హల్లులు చాలావరకు కుడి చేతి వైపు ఉంటాయి. రోమన్ లిపిలో ఆలోచించి తెలుగులోకి మార్చుకోవలసిన పని లేదు, వేలు నేరుగా తెలుగు అక్షరాన్నే వెతుకుతుంది. వచనం రాసేటప్పుడు నాకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

సాయంత్రానికి రైటర్‌లో నవల కోసం ఒక మూస ఫైలు సిద్ధం చేశాను. ఒత్తులు కింది వరుసను తాకకుండా వరుసల మధ్య ఎడం ఒకటిన్నర, అక్షరాలకు నోటో సెరిఫ్ తెలుగు ఫాంటు, కుడి అంచు సమం చేయకుండా ఎడమ అంచు మాత్రమే సమంగా. మన పదాలు పొడవైనవి కావడం వల్ల రెండు అంచులూ సమం చేస్తే మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి, చదివేటప్పుడు వాక్యం లయ తెలియదు. భద్రపరిచిన ప్రతిసారీ పాత ప్రతిని విడిగా దాచే అమరికను కూడా పెట్టాను.

మిగిలింది అచ్చు సంగతి. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ పాత పద్ధతి ఫాంట్లతో, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేరైన పేజ్‌మేకర్‌లోనే పుస్తకం కూర్చుతారు. యూనికోడ్ నుంచి వాటిలోకి మార్చేటప్పుడు కొన్ని సంయుక్తాక్షరాలు చెదురుతాయి. పేజీలు కూర్చడానికే ఉన్న ఇన్‌డిజైన్ అన్న కొత్త సాఫ్ట్‌వేరు యూనికోడ్‌ను నేరుగా తీసుకుంటుంది. అందుకని గుంటూరులో తెలిసిన ప్రెస్సు ఆయనకు ఫోను చేసి, "మీరు యూనికోడ్ ఫైలును నేరుగా ఇన్‌డిజైన్‌లో పెట్టగలరా అండీ?" అని అడిగాను. పెట్టగలమనీ, మొదటి అధ్యాయం పంపితే నాలుగు పేజీలు కూర్చి చూపిస్తామనీ అన్నారు. సంభాషణల్లోని ఏ మాటనూ దిద్దవద్దని, ప్రూఫులు నేనే చూసుకుంటానని చెప్పాను.