శ్రీకాళహస్తి పటంలో నీలం చివరికే వస్తుంది

శ్రీకాళహస్తి కలంకారీ అంటే బట్ట మీద కలంతో బొమ్మ గీసి రంగులు అద్దే కళ. అందులో శ్రీరామ పట్టాభిషేకం పటాన్ని సగం పనిలో ఉండగా చూస్తే రాముడు తెల్లగా కనిపిస్తాడు. గీతలు నల్లగా దిగి ఉంటాయి, వెనక నేల ఎర్రబారి ఉంటుంది, సింహాసనం మీద ఉన్న ఆయన ఒళ్ళు మాత్రం ఉత్త బట్ట. సీతమ్మ మేనిఛాయ, కిరీటాలు, నగలకు వేసే పసుపు, ఆ తర్వాత రాముడి నీలం అన్నీ ఆఖరి దశలోవే. శ్రీకాళహస్తి కలంకారీలో మూర్తి స్వరూపాన్ని శాస్త్రం ఎంత నిర్ణయిస్తుందో అద్దకం వరస కూడా అంతే నిర్ణయిస్తుంది. ఈ వరస తెలియకుండా పటాన్ని మెచ్చుకుంటే సగమే చూసినట్టు.

పని బట్టతో మొదలవుతుంది. గంజి ఉన్న గాడా బట్ట (ముతక నూలుబట్ట) రంగు పట్టదు. పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరబెట్టి గంజి పూర్తిగా వదిలిస్తారు. ఆ తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండుతారు. కరక్కాయలోని వగరు నల్లరంగును పట్టి ఉంచుతుంది. పాలలోని వెన్న గీత పాకకుండా ఆపుతుంది. ఆవుపాల కంటే గేదెపాలనే ఎంచుకోవడానికి కారణం ఈ వెన్నే. ఇక్కడ జరిగే తప్పు ఎక్కువగా పిండడంలో జరుగుతుంది. ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పిండితే పాలు మడతల్లో నిలిచిపోతాయి. అక్కడ గీత ఆగి ఆగి వస్తుంది, పాలు తక్కువైన చోట పీచుల వెంట పాకుతుంది. ముసురు రోజుల్లో బట్ట సరిగ్గా ఆరక కంపు కొడుతుంది, బూజు మచ్చలు పడతాయి. అలాంటి బట్ట మీద దేవుడి ముఖం గీయడం వృథా శ్రమ.

నల్లరంగుకు కసిం కారం అనే ఇనుప ద్రవం కావాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి పదిహేను నుంచి ఇరవై రోజులు పులియబెడతారు. వడకట్టిన ద్రవం గోధుమరంగులో పలచగా ఉంటుంది. కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడుతుంది. బాగా పులవకపోతే గీత బూడిదరంగులో మిగిలిపోతుంది. మరీ చిక్కనైతే ఇప్పటికి బాగుంటుంది గాని, ఇనుము ఏళ్ళ తరబడి నూలును తినేస్తుంది. పాత పటాల్లో నల్లగీతల వెంటనే బట్ట చిరిగి ఉండటానికి కారణం అదే.

కలం అంటే మొన తీసిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని గాని గుడ్డపేలిక గాని చుట్టి నూలుదారంతో కడతారు. అది రంగు పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే మొనకు దిగుతుంది. గీత లావూ సన్నమూ అంతా ఆ నొక్కుడులోనే ఉంటుంది. ముందు చింతపుల్లల బొగ్గుతో లేతగా గీసుకుంటారు. ఆ బొగ్గు దులిపితే పోతుంది. కసిం పడిన గీత ఇక పోదు. ఏ దేవుడి ఏ చేతిలో ఏముందో తేల్చుకోవలసిన సమయం ఈ రెండు గీతల మధ్యే.

అది ఎంత ముఖ్యమో చూడండి. విష్ణువు నాలుగు చేతుల్లో శంఖం, చక్రం, గద, పద్మం. వీటిని ఎన్ని రకాలుగా మార్చి పెట్టొచ్చో లెక్కేస్తే 24. సంధ్యావందనంలో చెప్పే కేశవ నామాలు కూడా 24, ఒక్కో అమరిక ఒక్కో నామానికి రూపం. శంఖచక్రాలు చేతులు మారితే చిన్న పొరపాటు కాదు, బట్ట మీద వేరే మూర్తి వచ్చి కూర్చుంటాడు. ఈ పొరపాటుకు పెద్ద దారి బెజ్జాల కాగితం. బొమ్మ గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, పైన బొగ్గుపొడి మూట అద్దితే బొమ్మ బట్ట మీదికి దిగుతుంది. అటూ ఇటూ ఒకేలా ఉండే ద్వారపాలకుల కోసం అదే కాగితాన్ని తిరగేసి వాడతారు, అక్కడ అది మంచి పద్ధతే. దేవుడి బొమ్మ కాగితం తిరగబడితే మాత్రం రాముడి విల్లు కుడిచేతికి వస్తుంది, దక్షిణామూర్తి చిన్ముద్ర ఎడమచేతికి పోతుంది. కంప్యూటర్లో బొమ్మను అద్దంలోలా తిప్పి అచ్చు వేసిన చీరల్లో ఇదే తప్పు. కాగితం మీద "పైవైపు" అని రాసి పెట్టుకోవడం చిన్న అలవాటే, కానీ తప్పనిసరి.

ఇక ఎరుపు. ఎర్రగా రావలసిన చోటల్లా పటికనీళ్ళు కలంతో పూస్తారు. పటికకు రంగు లేదు కాబట్టి ఎక్కడ పూశామో, ఎక్కడ వదిలామో తడి ఆరేలోపే చూసుకోవాలి. కనీసం ఒకరోజు ఆగాక పారే నీటిలో ఉతుకుతారు. నిలవ నీటిలో ఎందుకు ఉతకరంటే, వదిలిన పటిక ఆ నీళ్ళలోనే తిరిగి పక్కనున్న తెల్లభాగాలకు అంటుకుంటుంది. ఉడకబెట్టినప్పుడు అక్కడా ఎర్రమచ్చలు తేలతాయి. అప్పటికి తెల్లగా ఉండాల్సిన రాముడి ముఖం మీద ఎర్రచార పడితే దాని మీద నీలం వేసినా ఊదాగా మారుతుంది. స్వర్ణముఖి ఒడ్డున ఈ కళ నిలబడటానికి పారే నీరు ఒక పెద్ద కారణం. ఏరు ఎండినప్పుడు బోరునీళ్ళు ఆగకుండా పోస్తూ ఉతుకుతారు. ఆ నీళ్ళలో ఇనుము ఉంటే కరక్కాయతో కలిసి బట్టంతా మసకబారుతుంది.

తర్వాత ఎర్రరంగు ఇచ్చే మంజిష్ఠ వేరు వేసి ఉడకబెడతారు. పూర్వం చిరివేరు అనే మరో వేరు ఎరుపుకు పేరు. 1869 తర్వాత కృత్రిమ అలిజరిన్ (రసాయనంగా తయారుచేసిన ఎర్రరంగు) వచ్చి చాలాచోట్ల దాని స్థానం తీసుకుంది. పాత్ర రాగిదై ఉండాలి, ఇనుప పాత్రలో ఎరుపు గోధుమరంగులోకి దిగుతుంది. వేడి మెల్లగా పెంచాలి, బట్టను కర్రతో కదుపుతూనే ఉండాలి. ఉడికాక పటిక లేని భాగాలు కూడా లేత గులాబీగా కనిపిస్తాయి. పేడనీళ్ళలో రాత్రంతా ఉంచి, ఇసుక మీద పరిచి, నీళ్ళు చిలకరిస్తూ ఎండబెడితే ఆ గులాబీ వదులుతుంది. పటిక పట్టిన ఎరుపు కదలదు.

ఇప్పుడు మళ్ళీ పాలు. పసుపుపచ్చ పాకకుండా ఉండాలంటే రెండోసారి పాలు పట్టించక తప్పదు. తొందరలో ఈ దశ ఎగ్గొట్టిన పటాల్లో నగల పసుపు బుగ్గల మీదికి పాకి ఉంటుంది. పసుపుపచ్చను కరక్కపువ్వు, పటిక కలిపి కాచి తీస్తారు. స్త్రీమూర్తుల ఒంటికి, ఆభరణాలకు అది. నీలిమందు నీళ్ళలో కరగదు, పులియబెట్టి కరిగించాలి. కలంతో పూసిన నీలం పీచు లోతుకు పోదు కాబట్టి ఆ తర్వాత ఉడకబెట్టడం, బాదడం కుదరదు. అందుకే అది చివరికి మిగిలింది. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ, చాలా పటాల్లో ఆంజనేయుడి రంగు అది.

1950ల్లో చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలుకాకపోతే ఈ వరస చాలావరకు పోయేది. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2008లో ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి పద్మశ్రీ దక్కింది. బుద్ధుడి కథ, క్రీస్తు జీవితం కూడా ఇదే కలంతో, కథను ఘట్టాలుగా విడదీసే ఇలాంటి గళ్ళలోనే, పైన తెలుగు రాతతో వచ్చాయి. వాటిని పరంపరకు దూరమనడం నాకు సమ్మతం కాదు. ఏ కథ అయినా గీత చేత్తో పడి, రంగు బట్టలోంచి తేలితే అది ఈ కళే. అక్రిలిక్‌తో నింపిన వినాయకుడు ఎంత శాస్త్రబద్ధంగా ఉన్నా బట్ట మీద అతికిన పొర మాత్రమే.

కొనేటప్పుడు బట్ట తిప్పి చూడండి. కసిం గీత వెనక్కి దిగి ఉంటుంది, ఎరుపు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, నీలం వెనక లేతగా ఉంటుంది. వెనక అన్నీ సమానంగా తెల్లగా ఉంటే అది పైపై అచ్చు. ఒకే పటంలో పదిమంది మునుల ముఖాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నా అనుమానించాలి. కొత్త పటానికి పాలవాసన కొంత ఉంటుంది, అది లోపం కాదు. ఇంట్లో చన్నీళ్ళు, కుంకుడురసంతో విడిగా ఉతికి నీడలో ఆరేయండి, నీలం ఉన్న చోట రుద్దకండి. దాచేటప్పుడు మడత పెడితే నల్లగీత మీదే ముందు తెగుతుంది, అందుకని గొట్టానికి నూలుగుడ్డ చుట్టి దాని మీద చుట్టండి. ఫ్రేము కట్టిస్తే అద్దం బట్టను తాకకుండా సందు ఉంచమనండి, ఎండ నేరుగా పడే గోడ వద్దు. పూజగదిలో పెట్టేవాళ్ళు దీపం పొగకు మూరెడు దూరంగా పెట్టుకుంటే తెల్లటి భాగాలు చాలాకాలం తెల్లగానే ఉంటాయి.