హిస్టరీ ఆప్షనల్: డ్రెడ్ స్కాట్ తీర్పుకు ఓ పేజీ ఇవ్వండి

సివిల్స్ మెయిన్స్ హిస్టరీ ఆప్షనల్ పేపర్ 2లో అమెరికా అంతర్యుద్ధం దగ్గరికొచ్చేసరికి చాలామంది డ్రెడ్ స్కాట్ తీర్పును 'కారణాలు' హెడ్డింగ్ కింద ఒక్క లైన్‌లో తేల్చేస్తారు. నేను నోట్స్‌లో దానికి పేజీ మొత్తం ఇచ్చాను. 1860 ఎన్నిక దాకా జరిగిన రాజకీయం చాలావరకు అందులోనే పట్టేసింది.

కేసు వివరాలు క్లుప్తంగా చాలు. స్కాట్ ఓ సైనిక వైద్యుడి దగ్గర బానిస. బానిసత్వం నిషేధించిన ఇల్లినాయ్ రాష్ట్రంలో, టెరిటరీలోని (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతంలోని) ఫోర్ట్ స్నెల్లింగ్ సైనిక కోటలో ఉన్నాను కాబట్టి నేను స్వతంత్రుణ్ణే అని 1846లో సెయింట్ లూయిస్‌లో దావా వేశాడు. 1857 మార్చి 6న సుప్రీంకోర్టు 7–2తో కాదంది (మన మీరట్ తిరుగుబాటుకు రెండు నెలల ముందు, ఏడాది ఇట్టే గుర్తుంటుంది). నల్లజాతివాళ్లు పౌరులు కారు, ఫెడరల్ కోర్టుకెక్కే హక్కే లేదన్నాడు చీఫ్ జస్టిస్ రోజర్ టానీ. అక్కడితో ఆగలేదు. టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు (అమెరికా చట్టసభకు) లేదనీ, ఉత్తరపు టెరిటరీల్లో దాన్ని నిషేధించిన 1820 నాటి మిస్సోరి ఒప్పందం చెల్లదనీ కూడా అన్నాడు. మార్కులు ఈ రెండో భాగంలోనే ఉన్నాయి.

టెరిటరీల్లోకి బానిసత్వం రాకూడదన్నదే రిపబ్లికన్ పార్టీ పునాది. తీర్పు దాన్నే కొట్టేసింది. అయినా నలిగిపోయింది డెమొక్రాట్లు. బానిసత్వం సంగతి టెరిటరీ జనమే తేల్చుకోవాలనే డెమొక్రాట్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్‌ను 1858లో ఫ్రీపోర్ట్ చర్చలో రిపబ్లికన్ లింకన్ ఇరుకున పెట్టాడు: ఈ తీర్పు వచ్చాక కూడా జనం బానిసత్వాన్ని వద్దనొచ్చా? వద్దనొచ్చు, స్థానిక చట్టాల అండ లేకపోతే అది నిలవదు అన్నాడు డగ్లస్. సెనేట్ సీటు నిలిచింది, దక్షిణాది మాత్రం దూరమైంది. అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి డెమొక్రాట్లు పెట్టిన 1860 చార్ల్‌స్టన్ సభలో దక్షిణాది ప్రతినిధులు వాకౌట్ చేశారు, పార్టీ ఇద్దరు అభ్యర్థులతో చీలిపోయింది.

ఈ చీలికవల్లే లింకన్ గెలిచాడని మాత్రం రాయకండి. ఆయనకొచ్చింది దాదాపు 40 శాతం ఓట్లే అయినా, ప్రత్యర్థుల ఓట్లన్నీ కలిపినా ఎలక్టోరల్ కాలేజీలో (రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధుల్లో) మెజారిటీ ఆయనదే. ఉత్తర దక్షిణాలను కలిపి ఉంచిన పెద్ద పార్టీ విరిగిపోవడమే అసలు నష్టం అని రాయండి.

'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అంటే జస్టిస్ కర్టిస్ అసమ్మతి తీర్పు వాడండి: తొలినాళ్లలోనే ఐదు రాష్ట్రాల్లో స్వతంత్ర నల్లజాతివాళ్లు ఓటర్లని ఆయన చూపించాడు. నల్లజాతివాళ్లు పౌరులు కారన్న టానీ మాటను రద్దు చేసిన 1868 నాటి అమెరికా రాజ్యాంగ 14వ సవరణను జీఎస్ 2 (జనరల్ స్టడీస్ పేపర్ 2) నోట్స్‌లోనూ ఎక్కించుకోండి, మన ఆర్టికల్ 14లోని 'చట్టాల సమాన రక్షణ' అక్కడి నుంచి వచ్చిందే.