ముందుగా ఒక మాట చెప్పండి అని అడిగాం: సిమెంటు ఫ్యాక్టరీలో నా అనుభవం

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ ప్లాంట్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. ఉండేది ప్రొద్దుటూరులో. చుట్టుపక్కల వాటితో చూస్తే మా జీతాలు తక్కువేం కావు. అయినా మా సెక్షన్‌లో పిల్లోళ్లు నిలబడేవాళ్లు కాదు. పనిలో చెయ్యి తిరిగాక మానేసి పోయేవాళ్లు. డబ్బు కోసం పోతున్నారని పైవాళ్లు అనుకునేవాళ్లు. నేను చూసినంతలో అసలు కారణం వేరు. మా సంగతులు మాకే చివర తెలిసేవి. షిఫ్ట్ మారిన విషయం టీ అంగడి దగ్గర వినాలి. షట్‌డౌన్ (ప్లాంట్ ఆపేయడం) ఎన్ని రోజులో కాంట్రాక్టర్ మనుషుల్ని అడగాలి. ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు తగ్గితే ఎందుకని చెప్పే నాథుడే లేడు.

ఒక దసరాకు ఓపిక పోయింది. ప్రొద్దుటూరు దసరాను రెండో మైసూరు అంటారు, మాకు అంతకన్నా పెద్ద పండగ లేదు. పొద్దుటి ఎ షిఫ్ట్ చేసి ఇంటికొచ్చి, అందరం మెరవణికి తయారవుతుంటే, ఆ రాత్రే సి షిఫ్ట్‌కు, అంటే రాత్రి డ్యూటీకి, రావాలని ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. మా సీనియర్ ఫిట్టర్ ఒకాయన, "రమ్మంటే రానంటామా సామీ, రెండు రోజుల ముందు ఒక మాట చెప్తే వీళ్ల సొమ్మేం పోయింది?" అన్నాడు. ఆ మాటనే అర్జీగా రాద్దామనుకున్నాం.

20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టానికి 2010లో చేసిన సవరణ చెప్పింది. యాజమాన్యం వైపు ఎందరో, కార్మికుల వైపూ అందరు ఉండాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే 30 రోజుల గడువు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఈ కమిటీ ఉంది. మా ఫ్యాక్టరీలో అది కాగితాల మీదే ఉండేది.

అర్జీ రాయడానికి కూర్చుంటే, సూపర్‌వైజర్ పేరు పెట్టి రాయమని చాలామంది పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. మనిషి మీద రాస్తే ఆ మనిషిని మారుస్తారు, పద్ధతి అట్లాగే ఉంటుంది. పని వేళల నోటీసు ఫ్యాక్టరీలో కనిపించేలా పెట్టాలని, నోటీసులు ఇంగ్లీషుతో పాటు ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఉండాలని అప్పటి 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. ఆ 61, 108 సెక్షన్లు పెట్టి, షిఫ్ట్ చార్ట్ ముందుగా, తెలుగులో కావాలని రాశాం. సంతకాల దగ్గరే కష్టమైంది. గేట్ పాస్ లాక్కుంటారేమోనని కాంట్రాక్టు వాళ్లు భయపడ్డారు. వాళ్లను బలవంతపెట్టలేదు.

అర్జీ ఇచ్చాక జరిగిన మీటింగ్‌లో ప్లాంట్ మేనేజర్ చెప్పింది విని మేమే ఆశ్చర్యపోయాం. రైల్వే రేక్, అంటే సిమెంటు ఎక్కించే గూడ్సు బండి, ఏ వేళకు వస్తుందో ఆయనకూ ఖాయంగా తెలియదట. ఇచ్చిన సమయంలో లోడింగ్ పూర్తి కాకపోతే రైల్వేకు డెమరేజ్ (ఆలస్యపు రుసుం) కట్టాలి. అందుకే ఉన్నట్టుండి పిలుస్తున్నారు. ఇన్నేళ్లలో ఈ ఒక్క ముక్క మాకు ఎవరూ చెప్పలేదు! తెలిసుంటే సగం కోపం ఉండేది కాదు. "రేక్ కబురు మీకు రాగానే మాకూ చెప్పండి, అత్యవసరానికి వంతులవారీగా ఒక జట్టును సిద్ధంగా ఉంచుతాం" అన్నాం. ఆయన అప్పటికప్పుడు ఒప్పుకోలేదు. నెల రోజులు చూద్దామన్నారు.

ఇప్పుడు వచ్చే వారం చార్ట్ శుక్రవారమే బోర్డు మీద ఉంటోంది, తెలుగులోనూ హిందీలోనూ. షిఫ్ట్ మొదట్లో అయిదు నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటున్నాం. మొదట్లో ఇంజినీరు చెప్పడం, మేం తలూపడం. తర్వాత బెల్టు జారుతోందని, దుమ్ము ఎక్కువైందని మావాళ్లే నోరు తెరిచారు. చెప్పినదాని మీద పని జరిగితేనే మళ్లీ చెప్పబుద్ధవుతుంది. అన్నీ జరగలేదు, జరగనివాటికి కారణమన్నా చెబుతున్నారు.

1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త, ఉద్యోగుల అసంతృప్తికి కంపెనీ విధానాలు, పైవాళ్ల అజమాయిషీ తీరు పెద్ద కారణాలని తేల్చాడని ట్రైనింగ్‌లో చెప్పారు. మా ఫిట్టర్ ఆ హెర్జ్‌బర్గ్ పేరు విన్నవాడు కాదు, మాకు ముందే చెప్పింది మాత్రం అదే.

కాంట్రాక్టు వాళ్ల ఓటీ లెక్క ఇంకా వాళ్ల చేతికి రాతలో రావడం లేదు. ఈసారి అర్జీ దాని మీదే రాస్తున్నాం. సంతకాలు పెట్టడానికి ఈసారి వాళ్లే ముందుకొచ్చారు.