వేరుశనగ విత్తన ఒప్పందం ఎక్కడ తెగుతుంది

మొక్కజొన్న, పత్తి విత్తనాలు అమ్మడానికి కంపెనీలు ఊళ్ల మీద పడతాయి. వేరుశనగ, శనగ, కంది, మినుము దగ్గరికొచ్చేసరికి ఆ సందడి ఉండదు. కంది సంగతి వేరుగానీ మిగతావి సొంత పరాగంతో కాసే పంటలు, రైతు ఒకసారి మంచి విత్తనం కొంటే రెండు మూడేళ్లు ఇంటి విత్తనంతోనే గడిపేయగలడు. వేరుశనగైతే ఎకరానికి 90 కిలోల కాయ దాకా కావాలి, రవాణా బరువు, నిలవ ఉంచితే మొలక పడిపోతుంది. లాభం చూసుకునే వ్యాపారికి ఇందులో మిగిలేది తక్కువ. అందుకే ఈ పంటల విత్తనం పరిశోధన స్థానం, విత్తనాభివృద్ధి సంస్థ, రైతు ఉత్పత్తిదారుల సంఘం, ధ్రువీకరణ అధికారి కలిసి నడిపితేనే చిన్న రైతు దాకా చేరుతుంది. అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో ఇలాంటి ఒప్పందం రాసుకోవాలనుకునే సంఘాల కోసం ఈ టపా.

ముందు లెక్క వేసుకోవాలి. సంఘంలో ఖరీఫ్‌కు 1,000 ఎకరాల వేరుశనగ ఉందనుకోండి. ఎకరానికి 90 కిలోల చొప్పున 900 క్వింటాళ్ల సర్టిఫైడ్ కాయ, అంటే రైతు విత్తే ధ్రువీకరించిన విత్తనం, కావాలి. వేరుశనగ ఒక తరానికి ఎనిమిది రెట్లే పెరుగుతుందని విత్తన శాఖ లెక్క. అంటే దాన్ని పండించడానికి వెనక 112 క్వింటాళ్ల ఫౌండేషన్ విత్తనం, దాన్ని పండించడానికి పరిశోధన స్థానం ఇచ్చే 14 క్వింటాళ్ల బ్రీడర్ విత్తనం ఉండాలి. శనగ పది రెట్లు పెరుగుతుంది, ఎకరానికి 30 కిలోలు చాలు కాబట్టి అదే వెయ్యి ఎకరాలకు సర్టిఫైడ్ 300, ఫౌండేషన్ 30, బ్రీడర్ 3 క్వింటాళ్లతో సరిపోతుంది. కంది లెక్క చూస్తే నవ్వొస్తుంది. ఎకరానికి 3 కిలోలు, వంద రెట్ల పెరుగుదల, వెయ్యి ఎకరాలకు సరిపడా విత్తనం పండించడానికి 30 కిలోల ఒక్క సంచి ఫౌండేషన్ విత్తనం చాలు. కందికి పనికొచ్చిన పద్ధతిని వేరుశనగకు అలాగే దించితే ఎందుకు బోర్లా పడుతుందో ఈ అంకెలే చెబుతాయి.

14 క్వింటాళ్ల బ్రీడర్ విత్తనం అడిగిన రోజున దొరకదు. ఇండెంటు, అంటే ఇంత విత్తనం కావాలన్న ఆర్డరు, ముందే పెట్టాలి. కదిరి పరిశోధన స్థానంలోనో తిరుపతిలోనో అది పండడానికి ఒక పంటకాలం, ఫౌండేషన్‌కు ఇంకొకటి, సర్టిఫైడ్‌కు మరొకటి పడుతుంది. ఇండెంటు పెట్టి తీరా పంట వచ్చాక తీసుకెళ్లని సంస్థల వల్ల మరుసటి ఏడు పరిశోధన స్థానం విత్తనం తగ్గించి వేస్తుంది, నిజంగా కావాల్సినవాడికి అప్పుడు దొరకదు. అందుకని ఒప్పందంలో మొదటి షరతు ఇండెంటుతో పాటు కట్టే బయానా గురించి ఉండాలి. బయానా కట్టని ఇండెంటుకు ఎక్కడా విలువ ఉండదు.

రకం ఎంపిక మీద గంటల కొద్దీ వాదనలు జరుగుతాయి. నా మటుకు అందులో తేల్చాల్సింది ఒక్కటే, ఆ రకం బ్రీడర్ విత్తనం వరసగా మూడేళ్లు దొరుకుతుందా లేదా. 1940ల నాటి టీఎంవీ-2 అనంతపురం చేలల్లో దశాబ్దాల పాటు కదలకుండా ఉండిపోవడానికి మెరుగైన రకాలు లేకపోవడం కారణం కాదు, వాటి విత్తనం సంచుల్లో దొరకకపోవడం కారణం. శనగలో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. పటాన్‌చెరు ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన జేజీ-11 రకం 1999లో విడుదలైంది. కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్లలో పాత అన్నిగేరి రకాన్ని పక్కకు నెట్టేసింది. శనగ నిలవకు ఓర్చుకుంటుంది, ఒక రైతు పండించింది పక్క రైతుకు చేరుతుంది, ఆ వ్యాప్తికి ఆ గుణం చాలా సాయపడింది. వేరుశనగకు ఆ అదృష్టం లేదు.

ఇక పంటకాలం. ఖరీఫ్‌లో అక్టోబరు, నవంబరుల్లో పీకిన కాయను మళ్లీ జూన్ దాకా ఏడెనిమిది నెలలు కాపాడాలి, ఈలోపు కాయ తొలిచే పురుగు పడుతుంది. నవంబరు, డిసెంబరుల్లో బోరు కింద వేసి మార్చి, ఏప్రిల్‌లో పీకిన రబీ కాయను రెండు మూడు నెలలు కాపాడితే చాలు. అందుకే విత్తన పంటను రబీలోనే పెట్టాలి. నీటి వసతి ఉన్న రైతులు పండించేవాళ్లు, వర్షాధార రైతులు వాడేవాళ్లు, సంఘంలో ఇద్దరూ ఉండాలి.

రబీలో ఎకరానికి 10 నుంచి 12 క్వింటాళ్ల కాయ వస్తే, తాలుకాయలు, చిన్నకాయలు, పగిలినవి తీసేశాక 8 క్వింటాళ్లు విత్తనంగా నిలుస్తుంది. 900 క్వింటాళ్లకు 115 ఎకరాలు పెట్టుకోవాలి. ముందు సీజన్‌లో వేరుశనగ వేసిన చేను వద్దు, రాలిన గింజలు మొలిచి బెరకు (వేరే రకం కలిసిపోవడం) అవుతుంది. వేరే రకం చేనుకు 3 మీటర్ల ఎడం ఉంటే వేరుశనగకు సరిపోతుంది. సర్టిఫైడ్ కందికి మాత్రం 100 మీటర్లు కావాలి, తేనెటీగలు పుప్పొడిని చేను నుంచి చేనుకు మోస్తాయి. ఒక ఊళ్లో అందరూ ఒకే రకం వేస్తే ఈ గొడవ సగం తీరుతుంది, విత్తన గ్రామం అన్న ఆలోచన వెనకున్న సంగతి ఇదే. బ్రీడర్, ఫౌండేషన్ సంచులకు కుట్టిన ట్యాగులు, కొన్న బిల్లు పారేయొద్దు. ధ్రువీకరణకు దరఖాస్తు చేసినప్పుడు మొదట అడిగేది అవే. బ్రీడర్‌కు బంగారు పసుపు ట్యాగు, ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు నీలం.

తనిఖీకి వచ్చిన అధికారి బెరకు మొక్కలు లెక్కపెడతాడు, సర్టిఫైడ్ చేనులో 0.2 శాతం దాటితే తిరస్కరిస్తాడు. అంటే వెయ్యి మొక్కల్లో రెండు. ఎత్తు, ఆకు రంగు, పాకే తీరు చూసి పూత దశలో ఒకసారి, పీకే ముందు ఇంకొకసారి కేళీలు, అంటే ఈ బెరకు మొక్కలు, ఏరించాలి. ఈ కూలి ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయకపోతే ఆ పని జరగదు.

తెగులు కన్నా ఎక్కువగా మొలకను దెబ్బతీసేది కాల్షియం లోటు. ఎర్ర చెల్కల్లో ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయలయ్యే కాడలు) దిగే వేళకు, అంటే విత్తిన 40-45 రోజులకు, ఎకరానికి 200 కిలోల జిప్సం మొక్క మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. వేయని చేనులో తాలుకాయ పెరుగుతుంది. పైకి నిండుగా కనబడే గింజ కూడా చీల్చి చూస్తే లోపలి మొలక భాగం నల్లబడి ఉంటుంది. నూనె మిల్లుకు అది పనికొస్తుంది, విత్తనానికి పనికిరాదు.

పీకాక వచ్చే ప్రమాదం ఎండ. ఏప్రిల్ ఎండలో కల్లంలో పలచగా పరిచిన కాయ త్వరగా ఆరుతుంది, మొలక కూడా అంతే త్వరగా చచ్చిపోతుంది. మొక్కలు చిన్న కట్టలు కట్టి, కాయలు లోపలికి, ఆకులు బయటికి వచ్చేలా గుండ్రంగా పేర్చి నీడలోనే ఆరనివ్వాలి. కాయ ఊపితే గలగలమనాలి, గింజను బొటనవేలితో నలిపితే పొట్టు ఊడాలి. తేమ 9 శాతం లోపుకు దిగాకే సంచికెత్తాలి. కాయగానే నిలవ చేయాలి, గింజ ఒలవడం విత్తే ముందు వారం పదిరోజుల్లోనే, వీలైతే చేత్తోనే. యంత్రంలో పొట్టు చిట్లిన గింజ నేలలో కుళ్లుతుంది. గోదాములో చెక్కబల్లల మీద, గోడకు దూరంగా పేర్చాలి. యూరియా సంచుల పక్కన మాత్రం పెట్టొద్దు. సంఘాల దుకాణాల్లో ఎరువు, విత్తనం ఒకే గదిలో ఉండడం మామూలే కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది. శనగ, కందులకు పుచ్చు పురుగు బెడద ఎక్కువ, గాలి చొరని మూడు పొరల సంచుల్లో మూతి గట్టిగా కడితే మందు లేకుండానే అది చస్తుంది.

ప్రయోగశాలలో వేరుశనగకు 70 శాతం మొలక చాలు, శనగకు 85 రావాలి. నమూనా పంపే ముందే సంఘంలో తడి గోనెపట్టాలో నూరు గింజలు చుట్టి చూసుకుంటే ఏ లాటు (ఒకటిగా పరీక్షకు పంపే విత్తన సంచుల గుంపు) నిలుస్తుందో తెలిసిపోతుంది.

ఒప్పందాలు ఎక్కువగా తెగేది ధర దగ్గర. డిసెంబరులో క్వింటాలు ఇంత అని ఖాయం చేసుకుంటారు. ఏప్రిల్‌లో యార్డు ధర దాన్ని దాటితే రైతు మిల్లుకు పంపేస్తాడు, పడిపోతే కొనాల్సిన సంస్థ తేమ ఎక్కువుందని వంకలు పెడుతుంది. ఇద్దరినీ తప్పుపట్టలేం. ఖాయం చేసిన ధరకు బదులు సూత్రం రాసుకోవాలి: కాయ దించిన వారంలో ఆదోని యార్డు సగటు ధర, దాని మీద విత్తనానికి 15 లేదా 20 శాతం అదనం. దించిన రోజే 75 శాతం డబ్బు, మిగతాది మొలక ఫలితం వచ్చాక. ఫెయిలైన లాటు యార్డు ధరకు వెనక్కి పోతుందని కూడా ముందే రాయాలి. డబ్బు జూలై దాకా ఆగితే రైతు మళ్లీ ఏడు విత్తన పంట వేయడు, ఏ శిక్షణా శిబిరమూ అతన్ని తిరిగి తేలేదు. అందుకని ఆ 75 శాతానికి సరిపడా బ్యాంకు పరిమితి మార్చిలోపే సంఘం చేతిలో ఉండాలి.

ఇంకో సంగతి. రైతు తన విత్తనాన్ని పక్కవాడికి ఇచ్చినా అమ్మినా 2001 నాటి మొక్క రకాల రక్షణ చట్టం అడ్డు చెప్పదు, బ్రాండు పేరుతో అమ్మకూడదు అంతే. సంఘం పేరు ముద్రించిన సంచుల్లో అమ్మాలంటే మాత్రం విత్తన లైసెన్సు, చట్టప్రకారం లేబులు తప్పనిసరి.

చివరగా మిగులు. జూలై దాటినా వాన రాకపోతే వందల క్వింటాళ్ల కాయ గోదాములోనే ఉండిపోతుంది, వచ్చే ఏటికి అది మొలవదు. ఆ నష్టం ఎవరెంత మోస్తారో వాటాలతో సహా రాసుకోవాలి. మిగిలింది మిల్లుకైనా పోవాలంటే దానికి మందు పట్టించి ఉండకూడదు. విత్తనశుద్ధి మందు టెబ్యుకొనజోల్ కిలో గింజకు 1 గ్రాము, లేదా మాంకోజెబ్ 3 గ్రాముల లెక్కన పొట్లం కట్టి సంచితో పాటు ఇవ్వండి. రైతు తన ఇంట్లో గింజ ఒలిచాక, విత్తే ముందు కలుపుకుంటాడు.