లైనక్స్ ఎక్కించే ముందు విండోస్‌లో చేయాల్సిన పని

విండోస్ ఉన్న కంప్యూటర్‌లో లైనక్స్ కూడా పెట్టుకుందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ డిస్ట్రో (లైనక్స్ రకం) మంచిదని. మింట్ పెట్టుకోండి, ఉబుంటు పెట్టుకోండి, మీ ఇష్టం, దానికోసం వారం రోజులు వీడియోలు చూడక్కర్లేదు. ఇన్‌స్టాల్ కూడా పెద్ద పనేం కాదు. తలనొప్పంతా రెండు సిస్టమ్‌లూ పంచుకునే వాటితోనే: డిస్కు, బూట్ పార్టిషన్, గడియారం.

ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నారనే అనుకుంటున్నాను. ఆ తర్వాత చూడాల్సింది బిట్‌లాకర్, అంటే డిస్కుకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్. చాలా ల్యాప్‌టాప్‌లలో అది మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే లేవనిచ్చే కాపలా) లాంటివి కదిలించగానే నీలం స్క్రీన్ వేసి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే డిస్కులో సేవ్ చేసుకోవడమంటే తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకోవడమే.

ఇక ఫాస్ట్ స్టార్టప్. నాకు దీనిమీదే ఎక్కువ కోపం. షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్‌ని (సిస్టమ్ గుండెకాయని) డిస్కులో దాచుకుని పడుకుంటుంది, కాబట్టి దాని లెక్కలో సీ డ్రైవ్ ఇంకా వాడకంలోనే ఉంది. లైనక్స్ అది గమనించి డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవనంటుంది, మనం బలవంతంగా తెరిచి ఏదైనా రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే చోట ఆ టిక్ తీసేయాలి. టిక్ బూడిద రంగులో ఉండి కదలకపోతే పైన చిన్న అక్షరాల్లో ఇంకో లింకు ఉంటుంది చూడండి, ముందు అది నొక్కాలి.

లైనక్స్‌కి చోటు విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే సీ డ్రైవ్‌ని ష్రింక్ చేసి (కుదించి) తీయడం మేలు. సగం డిస్కు ఖాళీగా ఉన్నా కొంచెమే ఇస్తానంటుంది ఒక్కోసారి, ఎందుకంటే పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు మధ్యలో ఎక్కడో కూర్చుని ఉంటాయి, వాటిని అది జరపలేదు. తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ అడగండి. వచ్చిన ఖాళీని ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలేయండి.

ఇన్‌స్టాలర్‌లో విండోస్ పక్కన పెట్టమనే ఆప్షన్ ఉంటుంది, డిస్కంతా తుడిచేసేదీ అక్కడే ఉంటుంది, రెండుసార్లు చదివి నొక్కండి. చిన్నగా కనిపించే ఈఎఫ్ఐ పార్టిషన్‌ని (పైన చెప్పిన బూట్ పార్టిషన్ ఇదే) మాత్రం ఫార్మాట్ చేయొద్దు, విండోస్ బూట్ ఫైళ్లున్నది అందులోనే, లైనక్స్ తన ఫోల్డర్ పక్కన పెట్టుకుంటుంది.

తర్వాత ఎప్పుడైనా గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ తెరవాలో అడిగేది) రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే లైనక్స్ పోయిందని టెన్షన్ పడకండి, చాలావరకు బూట్ ఆర్డర్ మారి ఉంటుంది, బయోస్‌లోకి వెళ్లి మార్చుకుంటే చాలు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత మాత్రం కొన్ని డ్యూయల్ బూట్ మెషీన్లలో లైనక్స్ నిజంగానే లేవలేదు, అందులోని పాత బూట్‌లోడర్‌ని (సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్‌ని) సెక్యూర్ బూట్ ఒప్పుకోలేదు. అలాంటప్పుడు సెక్యూర్ బూట్ ఆపి, లైనక్స్‌ని అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేయాలి. ఆ 48 అంకెల కాగితం అప్పుడు మళ్లీ కావాల్సి రావచ్చు.

గడియారం చిన్న విషయమే కానీ విసుగు. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ లోకల్ టైమ్ ఉంచుతుంది, లైనక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లినప్పుడల్లా టైమ్ గంటల తేడాతో కనిపిస్తుంది. లైనక్స్‌నే లోకల్ టైమ్‌కి మార్చేయండి, టెర్మినల్‌లో ఒక్క కమాండ్ పని.

గ్రబ్‌లో డిఫాల్ట్ ఏది ఉండాలంటారా, ఇంట్లో ఇంకొకరు కూడా వాడే కంప్యూటరైతే విండోస్‌నే ఉంచండి, లేదంటే మీరు బయటికెళ్లిన ప్రతిసారీ ఫోన్ మోగుతూనే ఉంటుంది.