నానమ్మ అప్పు పాస్‌బుక్

పొద్దున బీరువా సర్దుతుంటే నానమ్మ బ్యాంకు అప్పు పాస్‌బుక్ దొరికింది, అంచులు నలిగిపోయి, మొదటి పేజీలో 1984 తేదీ, కింద వేలిముద్ర. రాత్రి రెండింటిదాకా నేను చదివింది కూడా సరిగ్గా ఈ సంగతే, పల్లెలకి బ్యాంకులు ఎలా వచ్చాయని. 1977లో రిజర్వ్ బ్యాంక్ ఒక నిబంధన పెట్టింది, అప్పటికే బ్యాంకు ఉన్న చోట ఇంకో బ్రాంచి తెరవాలంటే బ్యాంకే లేని నాలుగు చోట్ల తెరవాలని. అది 1990 దాకా నడిచింది. ఆ బ్రాంచిల వల్ల పల్లెల్లో పేదరికం తగ్గిందని, వ్యవసాయం కాని పనుల్లో ఉత్పత్తి పెరిగిందని ఆర్థికవేత్తలు రాబిన్ బర్జెస్, రోహిణి పాండే 2005లో అచ్చయిన పరిశోధనలో చూపించారు. మొండి బాకీలూ చాలానే ఉన్నాయి, కాదనను. కానీ చదువుతున్నంతసేపూ నాకు నానమ్మ గేదే కళ్లముందు. అంతకుముందు షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం! బ్యాంకు అప్పుతో కొన్న ఆ గేదె పాలమీదే నాన్న కాలేజీ ఫీజు కట్టారు. ఆఖరి వాయిదా పక్కన ఎవరో గుమస్తా ఆకుపచ్చ సిరాతో పెట్టిన చిన్న సంతకం ఉంది. ఆ పేజీ ఫొటో తీసి నాన్నకి పంపాను, ఇంకా చూసినట్టు లేరు.