మాట్లాడే గోడ, వినే ఫోను

బుధవారం, రాత్రి

మొదటి పీరియడ్‌కే కరెంటు పోయింది. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు క్లాసు, గోడ మీద పాఠాల వీడియోలు చూపించే పెద్ద డిజిటల్ తెర, అదే ప్యానెల్, నల్లగా నిలబడి ఉంది. "మేడం, ఇవాళ వీడియో లేదా?" అని ముందు బెంచీ వాళ్ళు ముఖాలు వేలాడేశారు. నాకైతే లోలోపల హాయిగానే ఉంది. ప్యానెల్ వెలిగితే పాఠం అదే చెప్పేస్తుంది. బొమ్మలు కదులుతాయి, ఎక్కడో స్టూడియోలో రికార్డు చేసిన గొంతు చక్కటి ఇంగ్లీషు మాట్లాడుతుంది, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. నోరైతే తెరుస్తారు, మాటే బయటికి రాదు.

హెచ్.ఎం. గారికి చెప్పి నా ఫోను క్లాసులోకి తీసుకెళ్ళాను. ముగ్గురేసి కూర్చోమని, "మీ ఇంట్లో వాళ్ళు చేసే పని గురించి ఇంగ్లీషులో ఒక్క నిమిషం చెప్పండి, రికార్డు చేస్తాను" అన్నాను. మాది మార్కాపురం పక్క ఊరు. ఒకప్పుడు బడి సంచీల్లో ఉండే పలకలు చేసిన ప్రాంతం. క్లాసులో చాలామంది తండ్రులు ఇప్పటికీ రాతి పనికే వెళ్తారు. సైన్సు, సోషల్ లాంటి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కదా, పిల్లల కళ్ళు ఎప్పుడూ తెలుగువైపుకే జారతాయి. ఈ పనికి పుస్తకమే అక్కర్లేదు, జారడానికి పేజీ లేదు.

ఒకమ్మాయి "మై ఫాదర్ గోయింగ్ టు క్వారీ" అని మొదలుపెట్టి, గడగడా చెప్పేసి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింది. నొసలు ముడిపడింది. పక్కనున్న పిల్ల "గోస్ అనాలే, రోజూ పోతాడు గదా మీ నాయన" అంది. "మేడం, ఇంకోసారి చెప్తా" అని ఫోను నా చేతిలో పెట్టింది. రెండోసారి "గోస్" వచ్చింది, మూడోసారికి క్వారీ ముందు "ద" కూడా వచ్చి కూర్చుంది. నేను నోరు మెదపలేదు. ఎర్ర సిరాతో నేను వందసార్లు దిద్దినా కదలని వాక్యం అది.

ఇంకా బాగా గుర్తుండిపోయేది చివరి బెంచీ పిల్లవాడు. పేరా చదవమంటే తల దించేస్తాడు. వాడికి రాయి సంగతి మాత్రం మా అందరికంటే బాగా తెలుసు. బండను ఎక్కడ కొడితే రేకులుగా విడుతుందో చెప్పాలని వాడి తాపత్రయం. "హి పుట్ ఉలి హియర్, హిట్ స్మాల్ స్మాల్, స్టోన్ కమ్ లైక్..." అని ఆగి, చేతుల్తో చూపించాడు. పక్కనుంచెవరో "లేయర్స్" అని అందించారు. ఆ మాట వాడికి ఇక పోదు. చెప్పాల్సింది కడుపులో ఉన్నప్పుడు దొరికిన మాట అది.

చివర్లో వాయిస్ టైపింగ్ ఆట ఆడించాను. మనం మాట్లాడితే ఫోను టైపు చేస్తుంది, అంతే. పూర్తి వాక్యం చెబితే సందర్భాన్ని బట్టి సర్దుకుపోతుంది, ఒంటి మాట దగ్గరే మనం దొరికిపోతాం. తడి అనే అర్థంలో "వెట్" అన్నాడొకడు, తెర మీద పశువుల డాక్టరు ప్రత్యక్షం. క్లాసంతా నవ్వు. పశువుల డాక్టరు "వెట్"లోని v కి పైపళ్ళు కింది పెదవికి తగలాలి, తడి "వెట్"లోని w కి పెదవులు గుండ్రంగా ముడవాలి. మన "వ" ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. బోర్డు మీద నోటి బొమ్మ గీసి ఎన్నిసార్లు చెప్పానో. ఇవాళ వాళ్ళే ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ ఫోనుతో పంతం పట్టారు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాను: ఫోనుకు అర్థం కాలేదంటే తప్పు మీదేనని అనుకోవద్దు, దానికీ మన యాస అలవాటు కావాలి. సెట్టింగుల్లో ఇండియా ఇంగ్లీషు పెడితే గొడవ కొంత తగ్గుతుంది కూడా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర లెక్కల సార్ పదో తరగతి నోటుబుక్కు ఒకటి తెచ్చి చూపించారు. రోడ్డు బాగుచేయమని కలెక్టరుకు లేఖ. ఒక్క తప్పు లేదు, ఒక్క గుంట పేరూ లేదు. "ఏఐ రాసిచ్చింది మేడం. ఇంక మీతో పనేముంది?" అన్నారు నవ్వుతూ. నేనూ వాడతాను సార్, అన్నాను. ఒకే కథను మూడు స్థాయుల్లో రాసిమ్మంటే రెండు నిమిషాల్లో ఇస్తుంది. నాలుగు పదాలు చదవగలిగినవాడికీ, గబగబా చదివేసేవాడికీ ఒకే కథ అందుతుంది. ఇదివరకు నేను ఆదివారమంతా కూర్చుని రాసేదాన్ని. కాకపోతే దాని కథల్లో మంచు కురుస్తుంది, పిల్లలు లైబ్రరీ కార్డు పట్టుకుని తిరుగుతారు. వాటిని తీసేసి కంది చేను, ఆర్టీసీ బస్సు పెట్టే పని నాదే. ఆ లేఖ రాసిన పిల్లను రేపు పిలిచి, ఆ రోడ్డు మీద గుంటలెక్కడున్నాయో నోటితో చెప్పమనాలి.

సాయంత్రం బస్సులో అదే ఆలోచన. మనకు ఈ యంత్రాలేం కొత్త కాదు. చిన్న తరగతులకు రేడియోలో "విందాం నేర్చుకుందాం" వచ్చేది. తర్వాత "మన టీవీ" అనే ప్రభుత్వ పాఠాల చానెల్. చదువు కోసమే ఒక ఉపగ్రహాన్ని, ఎడ్యుశాట్‌ను, 2004లో శ్రీహరికోట నుంచే పంపారు. ఇప్పుడు ప్యానెళ్ళు. అన్నీ అటునుంచి మాట్లాడేవే, మనం వినేవాళ్ళం. టీచర్లకిచ్చే శిక్షణా అదే తీరు. కేంద్రం మాకోసం పెట్టిన నిష్ఠ కోర్సులు 2020లో కరోనా పుణ్యమా అని ఆన్‌లైన్‌లోకి, దీక్షా పోర్టల్‌లోకి వచ్చాయి. వీడియో చూడు, ప్రశ్నలకు జవాబు నొక్కు, సర్టిఫికెట్ తీసుకో. వంట చేస్తూ వీడియో నడిపించేసే వాళ్ళు నాకు తెలుసు, వాళ్ళను తప్పుపట్టను. మా సీనియర్ మేడం ఒకరు బెంగళూరులోని ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌లో నెల రోజులు ఉండి వచ్చినావిడ. అక్కడ తోటి టీచర్ల ముందు పాఠం చెప్పి మాట పడ్డ రోజే పని నేర్చుకున్నానని ఇప్పటికీ అంటారు. ఆ మాట పడే చోటు ఆన్‌లైన్ కోర్సులో ఏదీ?

మండలంలోని ఇంగ్లీషు టీచర్లం నలుగురం వేరే చిన్న వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. గుడ్ మార్నింగులు, సర్క్యులర్లు నిషిద్ధం. వారానికొకరు తమ క్లాసు ఆడియో ఐదు నిమిషాలు పెట్టాలి, మిగతావాళ్ళు విని ఒక ప్రశ్న అడగాలి. పొగడ్తలు వద్దు. ఈ వారం వంతు నాది. అన్నం తిన్నాక ఇవాళ్టి రికార్డు వింటూ, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నానో ఫోనులోనే చూశాను. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే దీన్ని కొలిచారు. టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, మాట్లాడని పిల్లలూ మాట్లాడతారు. చివరి బెంచీ వాడు ఆగిన చోట నా రికార్డులో నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఉంది. ఫ్యాను కూడా లేదు కాబట్టి బయట కాకి అరుపు కూడా వినిపిస్తోంది. "లేయర్స్" వచ్చింది దాని తర్వాతే.

ఆ ముక్కే కత్తిరించి గ్రూపులో పెట్టాను. పెద్దారవీడు వైపు పనిచేసే మేడం అప్పుడే అడిగేశారు: "ఆ అందించిన గొంతు ఎవరిది? వాళ్ళనెందుకు తర్వాత పలకరించలేదు?" నిజమే, ఎవరిదో నాకూ తెలీదు. రేపు క్లాసులో ఆడియో వినిపిస్తే వాళ్ళే చెప్తారు. ఫోను మెమరీ నిండిపోయిందని చూపిస్తోంది, పడుకునే ముందు పెళ్ళి వీడియోలు కొన్ని తీసేయాలి.